చివరి గదిలో కొలవండి

మా అత్తయ్యగారికి 74 ఏళ్లు. మోకాళ్ల నొప్పి. అయినా రోజూ సాయంత్రం ఆరయ్యేసరికి ఫోను పట్టుకుని, గోడ ఆసరాతో వెనక గదిలోంచి హాల్లోకి వచ్చేవారు. న్యూజెర్సీలో ఉన్న మా ఆడపడుచు ఆఫీసుకు బయలుదేరే ముందు వీడియో కాల్ చేసే వేళ అది. ఇంటికి వైఫై పంచే డబ్బా, అదే రౌటర్, హాల్లో టీవీ దగ్గరే ఉండేది. దాని కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటేనే బొమ్మ ఆగకుండా వచ్చేది. పక్కనే మామయ్యగారి వార్తలు, ఎదురుగా ట్యూషన్ నుంచి వచ్చిన పిల్లల గొడవ. కూతురితో చెప్పుకోవాలనుకున్న మాట ఒక్కటీ ఆ హాల్లో చెప్పుకోలేకపోయేవారు. ఎప్పుడైనా ఒంట్లో బాగాలేక తన మంచం మీద నుంచే మాట్లాడబోతే బొమ్మ బిగుసుకుపోయేది. "నాకు ఈ ఫోను చేతకావడం లేదే" అని పెట్టేసేవారు.

తప్పు ఆవిడది కాదు, ఇంటిదని నాకు అర్థం కావడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాను. ఇలాంటి పెద్దవాళ్లు మన గుంటూరులో ప్రతి వీధిలోనూ ఉన్నారని నా నమ్మకం.

మాది బ్రాడీపేటలో పాత ఇల్లు. స్థలం వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటిగా వరండా, హాలు, మధ్య గది, వంటిల్లు, చివర అత్తయ్యగారి గది. పైన తర్వాత వేసిన మేడ గది, అందులో ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా పాప. కింద గోడలన్నీ తొమ్మిది అంగుళాలవి. నేను ఇంట్లోనే కూర్చుని కొన్ని దుకాణాలకు జీఎస్టీ లెక్కలు చూస్తాను. నా బల్ల వంటింటి పక్కన ఉంటుంది. ప్రతి నెలా 20వ తేదీ దగ్గరపడే కొద్దీ నాకు నెట్‌తో టెన్షనే.

నెట్ బాగా లేదనుకున్నప్పుడు అందరూ చేసే పనే మేమూ చేశాం. కనెక్షన్ వాళ్లకు ఫోన్ చేస్తే ప్లాన్ పెంచుకోమన్నారు. 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్ల వేగం) నుంచి 200కి మారాం. నెలనెలా కట్టే డబ్బు పెరిగింది. హాల్లో స్పీడ్ టెస్ట్ చేస్తే 170 చూపించి సంతోషపెట్టింది. అదే ఫోనుతో నడుచుకుంటూ వెళ్లి అత్తయ్యగారి మంచం మీద కూర్చుని కొలిచాను. 4. పాత ప్లాన్‌లోనూ అక్కడ నాలుగో అయిదో వచ్చేది. అంటే మేం అదనంగా కడుతున్న డబ్బంతా హాలు గుమ్మం దాటడం లేదు.

ఆ రోజు నుంచి నేను ఒకే మాట చెబుతున్నాను. ఇంటి వైఫైని హాల్లో కొలవకూడదు, అందరికన్నా చివరి గదిలో కొలవాలి. ఆ గదిలో వచ్చిన అంకే ఆ ఇంటి వేగం. చివర ఉన్నవాళ్ల మీద జాలితో మాత్రమే ఈ మాట అనడం లేదు. చివరి గది బలహీనంగా ఉంటే ముందు గది వాళ్లు కూడా నష్టపోతారు. అదెలాగో కింద చెబుతాను.

ముందు రౌటర్ హాల్లోకి ఎలా వచ్చిందో చూడాలి. మన ఊళ్లలో ఫైబర్ వైరు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కూడా స్తంభాల మీద లాగిన కేబులే. స్తంభం వీధిలో ఉంటుంది, కిటికీ వీధివైపు ఉంటుంది, ఆ కిటికీ పక్కనే టీవీ. బిగించడానికి వచ్చిన కుర్రాడికి రోజుకు ఇంకా ఎన్నో ఇళ్లు ఉంటాయి. వైరు ఎక్కడ లోపలికి వస్తే అక్కడ మేకు కొట్టి డబ్బా తగిలించి వెళ్లిపోతాడు. అతన్ని నేను తప్పుపట్టను. ఎక్కడ పెట్టాలో చెప్పాల్సింది మనం. మనం ఆ పూట కాఫీ ఇచ్చి పంపించాం గానీ ఇల్లు చూపించలేదు.

వైరు ఇంకో పదిహేను మీటర్లు లోపలికి లాగితే సిగ్నల్ తగ్గిపోతుందని చాలామంది భయం. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. ఫైబర్‌లోని గాజు తీగలో వెలుగు కిలోమీటరుకు సుమారు 0.35 డెసిబెల్ మాత్రమే తగ్గుతుంది (బలం ఎంత తగ్గిందో చెప్పే కొలత డెసిబెల్; పది తగ్గితే పదో వంతే మిగిలినట్టు). అంటే తీగ వరకే చూసుకుంటే 20 కిలోమీటర్లు ప్రయాణించినా పోయేది 7 డెసిబెల్స్, బయలుదేరిన వెలుగులో ఐదో వంతు ఇంకా మిగులుతుంది. మా హాలుకూ మధ్య గదికీ మధ్య ఉన్న ఒక్క గోడకు ఇటూ అటూ నిలబడి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ (వైఫై మామూలుగా వాడే 2.4, 5 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్లలో రెండోది) కొలిస్తే పోయింది 11 డెసిబెల్స్. మిగిలింది దాదాపు పన్నెండో వంతు. ఇరవై కిలోమీటర్ల గాజు తీగ తినేదానికన్నా మా మామయ్యగారి నాన్నగారు కట్టించిన ఒక్క గోడ ఎక్కువ తినేస్తోంది! లోపలికి రావాల్సింది వైరు. మేం దాన్ని గుమ్మంలో ఆపేసి, గోడలు దాటే పని గాలికి అప్పగించాం.

కొలవడం కష్టమేమీ కాదు. ఫోనులో వైఫై ఎనలైజర్ యాప్ ఒకటి వేసుకుంటే చాలు. అంకెలు మైనస్‌లో ఉంటాయి, సున్నాకు దగ్గరైన కొద్దీ బలం. మైనస్ 50 అంటే చక్కగా ఉన్నట్టు. మైనస్ 67 వరకు వీడియో కాల్ నిలుస్తుంది. మైనస్ 80 దగ్గర పేరు కనిపిస్తుంది తప్ప పని జరగదు. పది అంకెలు దిగిందంటే బలం పదో వంతుకు పడిపోయినట్టు. మా హాల్లో 2.4 గిగాహెర్ట్జ్ మీద మైనస్ 40, అత్తయ్యగారి గదిలో మైనస్ 78. తేడా 38 డెసిబెల్స్, అంటే హాల్లో ఉన్నదానిలో దాదాపు ఆరు వేల మూడు వందల్లో ఒక వంతు ఆవిడ మంచం దాకా చేరుతోంది. ఒకే ఇంట్లో, ఒకే బిల్లు మీద. ఆ అంకె చూశాక చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

గోడలన్నీ ఒకటి కావు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది ఆరు సెంటీమీటర్ల లోపు. రెండోది వేగం ఎక్కువ మోస్తుంది గానీ ఇటుకలో, కాంక్రీటులో త్వరగా అలిసిపోతుంది. ఇనుప చువ్వలున్న స్లాబు ఇంకా గట్టి అడ్డు. మా మధ్య గదిలో గోడకు ఆనించి పెళ్లినాటి ఇనుప బీరువా ఉండేది. రౌటర్ నుంచి వెనక గదికి గీత గీస్తే సరిగ్గా దాని నడుంలోంచి పోతుంది. బీరువాను పక్క గోడకు జరిపిన రోజు, వేరే ఏ మార్పూ చేయకుండానే, వంటింట్లో ఆరు డెసిబెల్స్ పెరిగింది. అద్దం బిగించిన అలమారా, ఫ్రిజ్, నీళ్ల డ్రమ్ము కూడా దారిలో ఉంటే అడ్డే. టీవీ వెనక రౌటర్ దాచడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. చూడటానికి బాగుండదని లోహపు రేకుకు ఆనించి పెడతాం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దీన్ని నాకు అర్థమయ్యేలా చెప్పింది మా మామయ్యగారు. ఆయన రైల్వేలో సిగ్నల్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యారు. వైఫైలో ఒక చానల్ మీద, అంటే బ్యాండులోని ఒక దారి మీద, ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరని, మిగతావాళ్లు గాలి ఖాళీ అయ్యేదాకా విని ఆగాలని నేను చదివింది చెబుతుంటే ఆయన వెంటనే అందుకున్నారు.

"ఇది సింగిల్ లైన్ బ్లాక్ సెక్షన్ కదమ్మా. మేం నరసరావుపేట వైపు చేసేటప్పుడు అంతా సింగిల్ లైనే. రెండు స్టేషన్ల మధ్య ఒక్క బండి. ముందు గూడ్సు ఎక్కితే అది అవతల స్టేషన్ చేరేదాకా ఎక్స్‌ప్రెస్ ఇక్కడే నిలబడాలి. ఎక్స్‌ప్రెస్ వంద మీద పోగలదు, ఏం లాభం?"

ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. రౌటర్‌కు దగ్గరగా, 2.4 గిగాహెర్ట్జ్ మీద ఉన్న ఒక మామూలు ఫోను రౌటర్‌తో 144 ఎంబీపీఎస్ లంకె (రెండిటి మధ్య వేగం) మీద మాట్లాడుతోందనుకోండి. ఒక మెగాబైటు, అంటే ఎనిమిది మెగాబిట్లు, పంపడానికి దానికి కాగితం మీద సెకనులో పద్దెనిమిదో వంతు చాలు. వెనక గదిలో ఫోను లంకె 6.5 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది. అదే మెగాబైటుకు దానికి సెకను పైనే కావాలి, ఇరవై రెండు రెట్లు ఎక్కువ సేపు. అంతసేపూ లైను దానిదే. సిగ్నల్ బాగా లేక పోయిన ముక్కలు మళ్లీ పంపాలి కాబట్టి నిజంగా ఇంకా ఎక్కువే. వెనక గదిలో అత్తయ్యగారు ఒక వీడియో తెరిస్తే, 2.4 మీదే నడిచే హాల్లోని పాత టీవీ ఆగి ఆగి ఎందుకు ఆడుతోందో అప్పుడు తెలిసింది. మామయ్యగారు "నెట్ కంపెనీ మోసం" అని విసుక్కున్నది దీని గురించే. 5 గిగాహెర్ట్జ్ వేరే లైను, నిజమే. కానీ చాలా ఫోన్లు హాల్లో పట్టుకున్న 5ని వంటింట్లోకి వచ్చినా ఒక పట్టాన వదలవు. బలహీనంగా వేలాడుతూ ఆ లైనును కూడా గూడ్సు బండి చేస్తాయి.

అందుకే చివరి గదికి మంచి సిగ్నల్ ఇవ్వడం దానం కాదు. ఆ గది బాగుపడితే ఇల్లంతా బాగుపడుతుంది. ప్లాన్ 200 నుంచి 500కి పెంచినా గూడ్సు బండి వేగం పెరగదు.

ఈ లైను మీద మన ఇల్లొక్కటే ఉండదు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005లో అనుమతి వచ్చింది, 5 గిగాహెర్ట్జ్‌లో ఎక్కువ భాగం 2018లో తెరుచుకుంది. అందరి గాలి కాబట్టి అందరూ ఉంటారు. బ్రాడీపేటలో మా చుట్టూ ఇప్పుడన్నీ అపార్ట్‌మెంట్లే. రాత్రి ఎనిమిదింటికి మా మేడ మీద ఫోను 27 పేర్లు చూపించింది. 2.4లో మనకు 13 చానళ్లు ఉన్నాయి గానీ అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఒకదాన్ని ఒకటి తాకనివి 1, 6, 11 మాత్రమే. ఖాళీగా కనిపిస్తోంది కదా అని 3 లేదా 8 పెట్టుకుంటే రెండు వైపులవాళ్లకూ రొద అవుతాం, మనకూ రొదే. ఒకే చానల్ మీద ఉంటే కనీసం ఒకరి మాట ఒకరు విని ఆగుతారు. మా పక్క అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు ఆవిడతో మాట్లాడి వాళ్లది 1కి, మాది 11కి మార్చుకున్నాం. అయిదు నిమిషాల పని. మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేది కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే. దాని పక్కన నిలబడి వీడియో కాల్ చేయకపోవడం మంచిది.

సిగ్నల్ అందని చోట రిపీటర్ పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. మేమూ ఒకటి కొని వంటింటి ప్లగ్గులో పెట్టాం. గీతలు నిండుగా కనిపించాయి. కాల్ మాత్రం ముందులాగే ఆగింది. చవక రిపీటర్ ఒకే రేడియోతో వినాలి, విన్నదాన్ని మళ్లీ అదే గాలిలో చెప్పాలి. ఒక్కొక్క మాట రెండుసార్లు లైను ఎక్కుతుంది, వేగం సగానికి పడుతుంది. పైగా అది పెట్టిన చోటికే సిగ్నల్ సరిగా రాకపోతే, రాని సిగ్నల్‌నే గట్టిగా అరిచి చెబుతుంది. గీతలు చూసి మోసపోకూడదు. ఆ గీతలు ఫోనుకూ రిపీటర్‌కూ మధ్య ఉన్న సంగతే చెబుతాయి గానీ రిపీటర్‌కూ రౌటర్‌కూ మధ్య ఏముందో చెప్పవు.

మాకు పనిచేసినవి రెండే. మొదటిది రౌటర్‌ను ఇంటి నడుమకు తేవడం. మధ్య గదిలో, వంటింటి గోడ పక్కన, తల ఎత్తున ఒక చెక్క అర కొట్టించి దాని మీద పెట్టాం. ఫైబర్ వైరును హాలు పైన గోడ వెంబడి లాగించాం. మూలల దగ్గర మడత పడకుండా గుండ్రంగా తిప్పాలి, గాజు తీగను గట్టిగా వంచితే వెలుగు బయటికి పోతుంది. ఇంట్లో దీనికి అభ్యంతరాలు వచ్చాయి. మధ్య గదిలో పడుకునేది మేమే కాబట్టి రాత్రంతా లైట్లు మినుకుమంటాయని మా ఆయన అన్నారు. రేడియేషన్ అని అత్తయ్యగారు భయపడ్డారు. రౌటర్ 2.4లో పంపే శక్తి సాధారణంగా వాటులో పదో వంతు లెక్కన ఉంటుంది, దూరంతో ఇంకా పలచబడుతుంది. చెవికి ఆనించుకునే ఫోనుతో పోలిస్తే గది అవతలి అర మీద డబ్బా ఎంత? అలా చెబితే ఆవిడ ఒప్పుకున్నారు. లైట్ల మీద నల్ల టేపు వేశాం. వెనక గదిలో 4 ఉన్నది 35 అయింది, ఇంకొక్క రూపాయి కట్టకుండా.

రెండోది వైరు. నన్నడిగితే ఇల్లున్న ప్రతివాళ్లకూ గట్టిగా చెప్పేది ఇదే. మధ్య గది నుంచి వెనక గదికి క్యాట్ 6 వైరు 22 మీటర్లు పట్టింది. ఈ వైరు వంద మీటర్ల వరకు సెకనుకు ఒక గిగాబిట్ మోస్తుంది, గోడ ఎంత మందమైనా దానికి లెక్కలేదు. కొనేటప్పుడు లోపల పూర్తి రాగి ఉందో లేదో అడగండి. పైకి రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న చవక రకం కూడా అమ్ముతారు, అది పెళుసు. కరెంటు వైర్లున్న పైపులోనే దీన్ని తోయకుండా వేరే పట్టీలో వేయించండి. వెనక గదిలో దాని చివర మా పాత రౌటర్ పెట్టాం. అందులో డీహెచ్‌సీపీ (ఫోన్లకు నెట్ చిరునామాలు పంచే పని) ఆపేసి, పేరూ పాస్‌వర్డూ మెయిన్ రౌటర్‌వే ఇచ్చి, చానల్ మాత్రం వేరేది పెట్టి, వైరును వెనక ఉన్న ల్యాన్ రంధ్రంలో గుచ్చాం. ఇప్పుడు వెనక గదికి తన సొంత లైను ఉంది. అప్పటి 200 ప్లాన్‌లో అత్తయ్యగారి మంచం మీద 160 దాకా వచ్చింది, నా బల్ల దగ్గర కూడా అంతే. హాల్లో టీవీ ఆగడం మానేసింది. రెండు డబ్బాలకూ 12 వోల్టుల చిన్న బ్యాటరీ బ్యాకప్‌లు పెట్టాం, వేసవిలో కరెంటు పోయినా కాల్ తెగదు.

ప్లాన్ పెంచడం ఎప్పుడూ వృథా అని నేను అనడం లేదు. లాప్‌టాప్‌ను రౌటర్‌కు వైరుతో కలిపి, సాయంత్రం ఎనిమిదింటికి, మిగతా ఫోన్లన్నీ ఆపి కొలవండి. అక్కడే కట్టిన దానిలో సగం కూడా రాకపోతే తప్పు కనెక్షన్‌ది, అప్పుడు వాళ్లతో పోట్లాడండి. అక్కడ నిండుగా వస్తుంటే వాళ్లకు ఇంకో రూపాయి ఇవ్వకండి. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఉండాల్సిన కనీస వేగాన్ని 2023లో 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. ఒక వీడియో కాల్‌కు రెండు నుంచి నాలుగు, హెచ్‌డీ వీడియోకు అయిదు, 4కే అయినా పాతిక లోపే చాలు. ఆరుగురున్న మా ఇంట్లో అందరూ ఒకేసారి కూర్చున్నా 60 దాటదు. మేం మళ్లీ 100 ప్లాన్‌కే వచ్చేశాం. అత్తయ్యగారి గదిలో ఇప్పుడు 90 పైనే, అంటే ప్లాన్ ఎంతో గదిలో దాదాపు అంత.

"ఫోన్లలో 5జీ ఉందిగా, ఇంత శ్రమ ఎందుకు" అంటాడు మా మరిది. ఆ తొమ్మిది అంగుళాల గోడలు టవర్ సిగ్నల్‌ను కూడా వదలవు. వెనక గదిలో మామూలు కాల్ కూడా తెగిపోయేది. ఇప్పుడు వైఫై కాలింగ్ పెట్టుకుంటే ఆ కాల్స్ కూడా ఇంటి నెట్ మీదే నడుస్తున్నాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది కొత్త ఇళ్లు. పాత ఇల్లు కట్టినవాళ్లకు ఇవేవీ తెలియవు. కానీ ఇప్పుడు అమరావతి రోడ్డు వైపు లేస్తున్న ఫ్లాట్లలో చూడండి, ప్రతి పడకగదికీ ఏసీ పాయింటు, గీజరు పాయింటు, టీవీ పాయింటు ఉంటాయి. నెట్ వైరుకు ఒక ఖాళీ పైపు ఎక్కడా ఉండదు. ప్లాస్టరింగ్‌కు ముందు గోడలు కోసేటప్పుడు హాలు నుంచి ప్రతి గదికీ ఒక ముప్పావు అంగుళం పైపు వేయించడానికి అయ్యే ఖర్చు, తర్వాత ఏళ్ల తరబడి పెంచిన ప్లాన్లకు కట్టే డబ్బు ముందు ఎంత? ఇల్లు కడుతున్నవాళ్లు మీలో ఉంటే ఈ వారమే మేస్త్రీకి చెప్పండి. స్లాబు వేసేముందు పై అంతస్తుకు ఒక పైపు వదలమని కూడా చెప్పండి.

మేం అది వదల్లేదు కాబట్టే మా మేడ గది పని ఇంకా మిగిలింది. రౌటర్ యాంటెన్నాలు నిలువుగా ఉంటే సిగ్నల్ ఎక్కువగా పక్కలకు పోతుంది, పైకి తక్కువ. ఒకదాన్ని అడ్డంగా పడుకోబెడితే పాప గదిలో కొంత మెరుగైంది. నిన్న రాత్రి అక్కడ కొలిస్తే 22. ఆన్‌లైన్ పరీక్షలు రాసే పిల్లకు అది చాలదని కాదు, సాయంత్రం పక్క అపార్ట్‌మెంటు నిండాక ఆ 22 నిలవడం లేదు. మెట్ల పక్క గోడ వెంబడి వైరు తీసుకెళ్లాలి. టేపు పెట్టి చూస్తే 18 మీటర్లు వచ్చింది. డ్రిల్లు ఎక్కడ పెట్టాలో మామయ్యగారు నిన్న పెన్సిలుతో గుర్తులు పెట్టేశారు. కేసింగ్ పట్టీలు తేవడమే మిగిలింది. ఆదివారం ఎలక్ట్రీషియన్ వస్తానన్నాడు.